సందేహాలు - సమాధానాలు: డిటెక్టివ్ నవలల ఊళ్లు చూసొద్దామా?

ఇంగ్లండ్ డిటెక్టివ్ నవలల్లో కథ నడిచిన ఇళ్లు, ఊళ్లు, బీళ్లు చూపించే గైడెడ్ టూర్ల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి సమాధానాలు. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఏదో ఒక గుబులు ఉంది. అది సహజమే, భయపెట్టడానికే రాసిన పుస్తకాలవి. ఆ భయం పుస్తకం వరకే; ఊళ్లు మాత్రం మామూలు ఊళ్లు.

ప్రశ్న: యాభై ఏళ్లుగా షెర్లాక్ హోమ్స్ కథలు చదువుతున్నాను. వచ్చే నెల లండన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. బేకర్ స్ట్రీట్‌లో 221బి చూపించమంటే, "అది నిజం ఇల్లు కాదు నాన్నా, టికెట్ డబ్బులు దండగ" అంటున్నాడు. ఈ వయసులో మోసపోతానేమోనని బెంగగా ఉంది.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: బెంగ వద్దు మాస్టారూ, మిమ్మల్ని ఎవరూ మోసం చెయ్యరు. 1887లో మొదటి హోమ్స్ నవల వచ్చేనాటికి బేకర్ స్ట్రీట్‌లో నంబర్లు 221 దాకా లేనే లేవు. కానన్ డాయిల్ కల్పించిన చిరునామా అది. తర్వాత నంబర్లు మారి, 1932 నుంచి ఆ చోటు ఒక గృహరుణాల సంస్థ భవనంలో కలిసింది. హోమ్స్ పేరున వచ్చే ఉత్తరాలకు జవాబులు రాయడానికే వాళ్లు ఒక సెక్రటరీని పెట్టుకోవాల్సి వచ్చింది! 1990లో తెరిచిన మ్యూజియం వరసలో 237, 241 నంబర్ల మధ్య ఉంటుంది కానీ, మేడ మీది గది మాత్రం మీరు చదివిన గదే. టికెట్ మ్యూజియంలోనో వాళ్ల వెబ్‌సైట్‌లోనో కొనండి, దారిలో ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి.

ప్రశ్న: చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు చదివాను. అంతకు మించి డిటెక్టివ్ సాహిత్యం తెలియదు. మావారు పది రోజుల్లో తొమ్మిది ఊళ్లు తిప్పే టూర్ బుక్ చేశారు. అందరూ అన్నీ చదివినవాళ్లే వస్తారేమో, నేను బిక్కమొహం వేసుకు నిలబడాలేమో!
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: యుగంధర్, రాజులతో రాత్రిళ్లు మేలుకున్నవారు డిటెక్టివ్ సాహిత్యానికి కొత్తవారు కాదమ్మా. ఇలాంటి టూర్లకు వచ్చేవారిలో సినిమాలు, సీరియళ్లు మాత్రమే చూసినవారూ ఉంటారు, కాబట్టి తెలియనివి ఉండటం మామూలే. ఆలోచించవలసింది తొమ్మిది ఊళ్ల సంగతి. రోజుకో ఊరైతే బస్సు కిటికీయే గుర్తుంటుంది. వీలైతే మూడు ఊళ్లకు కుదించి, ఒక్కో ఊరికి ఒక్కో పుస్తకం ముందే చదువుకోండి: లండన్‌కు హోమ్స్ కథల సంపుటి ఒకటి, డెవన్‌కు అగాథా క్రిస్టీ, ఆక్స్‌ఫర్డ్‌కు కాలిన్ డెక్స్టర్.

ప్రశ్న: రెడింగ్‌లో మా అమ్మాయి నాకోసం ఒక వాకింగ్ టూర్‌కు డబ్బు కట్టేసింది. ఇంగ్లీషు చదవగలను కానీ, వాళ్లు గబగబా మాట్లాడితే అర్థం కాదు. అందరూ నవ్వినప్పుడు నేనొక్కదాన్నే నవ్వకపోతే సిగ్గుగా ఉంటుంది.
– ఒక అమ్మ, కరీంనగర్

జవాబు: మొదటి పది పదిహేను నిమిషాలు ఏమీ అర్థం కాకపోవడం చాలామందికి జరిగేదే. ఆ యాస చెవికి పట్టడానికి అంత సమయం కావాలి. బయలుదేరే ముందే గైడ్ దగ్గరికి వెళ్లి "కొంచెం నెమ్మదిగా చెప్పండి" అని అడిగి, నడిచేటప్పుడు ముందు వరసలో ఉండండి. బ్రిటన్‌లో బ్లూ బ్యాడ్జ్ పెట్టుకున్న గైడ్లు శిక్షణ పొంది, పరీక్షలు పాసైనవారు. ఆ మాట వారికి కొత్త కాదు, చిన్నతనంగానూ చూడరు. అడిగినా వినిపించుకోకుండా పరుగులు పెట్టించే గైడ్ తగిలితే లోపం ఆయనది, మీది కాదు.

ప్రశ్న: క్రిస్టీ నవలలు ఇప్పుడే మొదలుపెట్టాను. టూర్‌లో గైడ్ హంతకుడెవరో చెప్పేస్తే ఇక చదవడానికేం మిగులుతుంది? వెళ్లాలా, మానాలా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: వెళ్లండి, మీ భయం గైడ్లకు బాగా తెలిసిందే. మంచి గైడ్ "ఈ నవల చదవనివారు ఉన్నారా?" అని ముందే అడుగుతారు. అడక్కపోతే మీరే చెయ్యెత్తి చెప్పండి. ఈ మర్యాద ఎంత గట్టిదో లండన్ సెయింట్ మార్టిన్స్ థియేటర్‌లో చూడొచ్చు. క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' 1952 నవంబర్ 25న పక్కనున్న అంబాసిడర్స్ థియేటర్‌లో మొదలై, 1974లో ఇక్కడికి మారింది. ఆట అయ్యాక హంతకుడి పేరు బయట చెప్పవద్దని నేటికీ వేదిక మీది నుంచే ప్రేక్షకులను కోరతారు. మీరు జాగ్రత్తపడవలసింది ఇంటర్నెట్ దగ్గరే: ఊరి పేరుతో వెతకండి, నవల పేరుతో వెతకకండి.

ప్రశ్న: నాకు అరవై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. మనవడు రమ్మంటున్నాడు కానీ, నా వల్ల అందరి నడకా ఆగిపోతుందని వెనకాడుతున్నాను.
– ఒక పెద్దాయన, కాకినాడ

జవాబు: మీ వల్ల ఎవరికీ ఇబ్బంది రాదు, చోటు చూసి ఎంచుకుంటే చాలు. బేకర్ స్ట్రీట్ మ్యూజియం పాతకాలపు సన్నటి మేడ, లోపలంతా మెట్లే. అక్కడ మేడ ఎక్కకుండా, బేకర్ స్ట్రీట్ రైల్వేస్టేషన్ బయట 1999లో పెట్టిన హోమ్స్ విగ్రహం దగ్గర మనవడితో ఫొటో దిగండి. ఆక్స్‌ఫర్డ్ నడిబొడ్డు చాలావరకు చదునైన నేల. క్రిస్టీ పుట్టిన టార్కీలో రేవు పక్క దారి సులువు, ఊరు మాత్రం గుట్టల మీద ఉంటుంది. సాయంత్రానికి నొప్పి పెరిగి, రాత్రి విశ్రాంతితో తగ్గితే అది నడక నొప్పే. మోకాలు వాచి వేడిగా ఉన్నా, పిక్కలో ఒకవైపే వాపు, నొప్పి వచ్చినా టూర్ ఆపి డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: డెవన్‌లోని గ్రీన్‌వే అనే ఇంటికి వెళ్దామంటున్నాడు మా తమ్ముడు. హత్య జరిగిన ఇంట్లో అడుగుపెట్టడం ఏమిటని మా అత్తగారు ఒకటే గొడవ. నాకూ మనసు పీకుతోంది.
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: ఆ ఇంట్లో హత్య జరిగింది కాగితం మీదేనమ్మా, మీ అత్తగారికి ధైర్యంగా చెప్పండి. డార్ట్ నది ఒడ్డున ఉన్న గ్రీన్‌వేను అగాథా క్రిస్టీ 1938లో కొన్నారు. కుటుంబమంతా సెలవులు గడిపిన ఇల్లది. కింద నది ఒడ్డున ఉన్న పడవల ఇంటిని 1956లో వచ్చిన 'డెడ్ మ్యాన్స్ ఫాలీ'లో శవం దొరికే చోటుగా మార్చారు. నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉన్న ఆ ఇంటి లైబ్రరీలోకి వెళ్లి తలెత్తి చూడండి: రెండో ప్రపంచయుద్ధంలో అక్కడ బస చేసిన అమెరికన్ కోస్ట్‌గార్డ్ అధికారి గోడ పైభాగాన గీసిన బొమ్మల పట్టీ గది చుట్టూ కనిపిస్తుంది, ఆమె దాన్ని చెరిపించకుండా ఉంచుకున్నారు. కారులో వెళ్లేటట్టయితే పార్కింగ్ ముందుగా బుక్ చేసుకోండి. డార్ట్‌మత్ నుంచి పడవలో వెళ్తే ఒడ్డు నుంచి ఇంటికి ఎత్తు ఎక్కాలి.

ప్రశ్న: పదకొండేళ్ల మా పాప క్రిస్టీ నవలలు వరసపెట్టి చదువుతోంది. టార్కీ వెళ్తున్నామనగానే "ముందు విషమొక్కల తోట చూడాలి" అంది. ఆడపిల్లకు ఈ విషాల గోలేమిటని రాత్రంతా నిద్రపట్టలేదు.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: స్థిమితపడండి, మీ పాప అడిగినది తెలివైన పిల్లలు అడిగేదే. టార్కీలో పుట్టిన క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధంలో ఆ ఊరి రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో నర్సుగా, తర్వాత మందులు కలిపే గదిలో పనిచేశారు. విషాల లెక్క ఆమె నేర్చుకున్నది అక్కడే. టోర్ అబ్బీలో ఆమె కథల్లోని మొక్కలతో తోట వేశారు. ఏదీ ముట్టుకోకుండా, నోట్లో పెట్టుకోకుండా చూస్తే భయం లేదు. మన పెరట్లోని గన్నేరు, ఉమ్మెత్త కూడా విషమొక్కలేనని ఈ సందర్భంలోనే చెప్పవచ్చు. హంతకుణ్ని ఎలా పట్టుకున్నారని అడిగే పిల్లను చూసి గాభరాపడక్కర్లేదు. వారాల తరబడి పీడకలలు, ఒంటరిగా గదిలోకి వెళ్లనని ఏడుపు, అన్నంలో ఏదో కలిపారన్న అనుమానం ఉంటే మాత్రం పుస్తకాలు కొన్నాళ్లు పక్కనపెట్టి పిల్లల డాక్టరును కలవండి.

ప్రశ్న: బర్గ్ ఐలండ్ హోటల్‌లో మా పెళ్లిరోజు జరుపుకోవాలని ఆయన పట్టుదల. పది మంది ఒక దీవిలో చిక్కుకుని ఒక్కొక్కరే చనిపోయే నవల ఆ దీవి మీదే రాశారట. సముద్రం పోటెత్తితే మేమూ చిక్కుకుపోతామా?
– కొత్త కోడలు, విశాఖపట్నం

జవాబు: ముందుగా మీ ఇద్దరికీ శుభాకాంక్షలు, మీరు చిక్కుకుపోరు. 1939 నాటి ఆ నవలకూ, 1941లో వచ్చిన 'ఈవిల్ అండర్ ది సన్'కూ ఊపిరి పోసిన దీవి అదే. కానీ ఒడ్డు కళ్లెదుటే ఉంటుంది. ఆటు వేళ ఇసుక బయటపడి నడిచి వెళ్లొచ్చు. పోటు వేళ ఎత్తైన చక్రాల మీద వేదిక కట్టిన ట్రాక్టర్ నీళ్లలోంచే మనుషులను దాటిస్తుంది. అలలు చక్రాలను కొడుతుంటే గుండె కాస్త ఝల్లుమనడం సహజం. భయపడవలసింది ఒక్క సందర్భంలోనే: ఇసుకకు రెండువైపులా నీళ్లు కమ్ముకొస్తుంటే, "నాలుగడుగులే కదా" అని నడిచి దాటకండి.

ప్రశ్న: 'బాస్కర్‌విల్స్ జాగిలం' కథ చదివినప్పటి నుంచి డార్ట్‌మూర్ చూడాలని ఉంది. అక్కడి ఊబిలో గుర్రాలే మునిగిపోతాయని పుస్తకంలో ఉందిగా! నాకు ఇద్దరు చిన్నపిల్లలు, నా భయం అనవసరమా?
– బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జవాబు: అనవసరం కాదు, పిల్లల తండ్రికి ఉండవలసిన జాగ్రత్తే అది; అయితే ప్రయాణం మానుకోవలసినంత భయం లేదు. కథలోని గ్రింపెన్ ఊబికి మూలం ప్రిన్స్‌టౌన్ దగ్గరి ఫాక్స్ టోర్ మైర్స్ అంటారు. అక్కడికి పిల్లలతో ఎవరూ వెళ్లరు, దూరం నుంచే చూస్తారు. మామూలు దారుల్లో బూట్లు తడవడం, చీలమండ దాకా బురదలో దిగడం రోజూ జరిగేదే. మరీ పచ్చగా మెరిసే నాచు మీద కాలు పెట్టకండి. కాలు దిగబడితే కొట్టుకోకుండా వెనక్కి వాలి, నెమ్మదిగా లాక్కోండి. మంచు కమ్మి దారి కనబడకపోయినా, సైన్యం కాల్పుల అభ్యాసానికి గుర్తుగా ఎర్రజెండా ఎగురుతున్నా ముందుకు వెళ్లవద్దు. దారి తప్పితే 999కు ఫోన్ చేసి పోలీసులను, కొండప్రాంత రక్షణ దళాన్ని అడగండి.

ప్రశ్న: ఇన్‌స్పెక్టర్ మోర్స్ అభిమానిని. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీ గేటు దగ్గర నన్ను లోపలికి రానివ్వలేదు. నా రంగు చూసి ఆపారా అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటోంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ప్రస్తుతం బర్మింగ్‌హామ్

జవాబు: మీ నొప్పి అర్థమైంది; అలాంటి క్షణంలో ఆ అనుమానం రావడంలో తప్పులేదు. ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు విద్యార్థులు నివసించే చోట్లు కాబట్టి పరీక్షలు, వేడుకలు ఉన్న రోజుల్లో బయటివారందరినీ ఆపేస్తారు. సందర్శన వేళలు గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి. బోర్డు ప్రకారం తెరిచి ఉన్న వేళ, పక్కవారిని పంపి మిమ్మల్ని ఒక్కరినే ఆపితే మాత్రం ఊరుకోకుండా కాలేజీకి ఫిర్యాదు రాయండి. ఈసారి వెళ్లినప్పుడు గేటు బయటే ఉన్న కథ కూడా చూడండి: డెక్స్టర్ 1975లో 'లాస్ట్ బస్ టు వుడ్‌స్టాక్'తో మొదలుపెట్టి మోర్స్‌ను పదమూడు నవలల్లో ఈ వీధుల్లోనే తిప్పారు. డిటెక్టివ్ నవలల రచయిత్రి డొరొతీ సేయర్స్ చదువుకున్న సోమర్‌విల్ కాలేజీ కూడా ఇక్కడే. 1915లో చదువు ముగించినా ఆడవారికి డిగ్రీలివ్వడం మొదలైన 1920 దాకా ఆమె పట్టా కోసం ఆగాల్సి వచ్చింది. గేటు బయట నిలబడ్డ బాధ ఆమెకూ తెలుసు.

ప్రశ్న: 'మిడ్‌సోమర్ మర్డర్స్' ఒక్క ఎపిసోడ్ కూడా వదలకుండా చూశాను. ఆ పల్లెలు ఒంటరిగా తిరిగి రావాలని ఉంది. ఒంటరి ఆడదాన్ని, ఆ నిశ్శబ్దం తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి.
– పీజీ విద్యార్థిని, ప్రస్తుతం లెస్టర్

జవాబు: చెమటలు పట్టించింది సీరియల్ సంగీతం తల్లీ, పల్లెలు కావు. మిడ్‌సోమర్ అనే జిల్లా మ్యాపులో లేదు. కెరొలైన్ గ్రాహం 1987 నవలతో మొదలైన ఆ కల్పిత లోకాన్ని టీవీ కోసం ఆక్స్‌ఫర్డ్‌షైర్, బకింగ్‌హామ్‌షైర్ చుట్టుపక్కల చిత్రీకరించారు, వాలింగ్‌ఫర్డ్ అందులో కాస్టన్ పట్టణమైంది. సాయంత్రం ఐదింటికే దుకాణాలు మూసెయ్యడం, వీధిలో పురుగు కనబడకపోవడం అక్కడ మామూలు. నిజమైన ఇబ్బంది చివరి బస్సు తప్పిపోవడమే. ఆదివారాలు బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు వేళ ముందే రాసిపెట్టుకోండి. ఎవరైనా వెంటపడుతున్నారనిపిస్తే మొహమాటపడకుండా దగ్గరి పబ్‌లోకో దుకాణంలోకో వెళ్లి చెప్పండి.

ప్రశ్న: చోల్సీలో అగాథా క్రిస్టీ సమాధి చూడాలని నా కోరిక. పరాయి మతం వాళ్ల శ్మశానానికి వెళ్లొస్తే మైల అంటారేమోనని ఇంట్లో చెప్పలేదు.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అభిమానించిన రచయిత్రికి నమస్కారం పెట్టి రావడంలో తప్పేముందమ్మా, నిశ్చింతగా వెళ్లండి. 1976లో కన్నుమూసిన క్రిస్టీని సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో ఖననం చేశారు, ఆమె భర్త, పురావస్తు పరిశోధకుడు మాక్స్ మల్లోవన్ సమాధీ అక్కడే. ఇంటికొచ్చి తలస్నానం చెయ్యడం మీ ఆచారమైతే చెయ్యండి, దానివల్ల ఎవరికీ అగౌరవం లేదు. చర్చిలో ప్రార్థనో అంత్యక్రియలో జరుగుతుంటే మాత్రం అయ్యేదాకా బయట ఆగండి.

ప్రశ్న: హారొగేట్‌లో క్రిస్టీ మాయమై దొరికిన హోటల్‌ను టూర్‌లో చూపిస్తారట. విడాకుల బాధలో ఉన్నాను, ఎక్కడికైనా వెళ్లిపోవాలని నాకూ అనిపిస్తుంది. ఒకరి కష్టాన్ని చూడటానికి వెళ్లడం తప్పా?
– పేరు రాయని సోదరి

జవాబు: తప్పు కాదు, మనసు విప్పి రాసినందుకు సంతోషం. 1926లో తల్లి చనిపోయి, భర్త మరొకరి కోసం విడాకులు అడిగిన ఏడాదిలో, డిసెంబర్ 3 రాత్రి క్రిస్టీ ఇల్లు విడిచారు. కారు సర్రేలో దొరికింది, ఆమె పదకొండు రోజుల తర్వాత హారొగేట్ హోటల్లో కనిపించారు. తన ఆత్మకథలో ఆ రోజుల గురించి ఆమె ఏమీ రాయలేదు, గైడ్ ఎన్ని ఊహలు చెప్పినా ఆ మౌనాన్ని గౌరవించండి. 1928లో విడాకులయ్యాయి, మళ్లీ పెళ్లి చేసుకున్నారు, ఇంకా దాదాపు యాభై ఏళ్లు రాశారు. కొన్నాళ్లు దూరంగా పోవాలనిపించడం బాధలో సహజం; తిండి, నిద్ర తప్పి, ఇక తిరిగి రాకూడదు, బతకకూడదు అనిపిస్తే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యండి. ఏ వేళైనా పలుకుతారు.

ప్రశ్న: మా లండన్ ప్యాకేజీలో జాక్ ది రిప్పర్ నడక కూడా ఉంది. అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నాకు మాత్రం కడుపులో దేవినట్టు ఉంది. నేను మరీ పిరికిదాన్నా?
– లెక్చరర్, అనంతపురం

జవాబు: కాదండీ, మీ మనసు సరిగ్గానే చెబుతోంది. నవలలో శవం కల్పన. 1888లో వైట్‌చాపెల్‌లో చనిపోయింది నిజమైన, నిరుపేద స్త్రీలు, హంతకుడు దొరకనే లేదు. వాళ్ల బతుకుల గురించి చెప్పే గైడ్ అయితే వెళ్లవచ్చు. గాయాల ఫొటోలు చూపించి కేకలు పెట్టించే నడకైతే మానెయ్యండి. ఆ సాయంత్రం రానని చెప్పడానికి మీరు కారణం చూపించనక్కర్లేదు.

ప్రశ్న: మాది పల్నాడు. లండన్ టవర్‌లో కోహినూర్ చూస్తే కోపంతో ఏదైనా అనేస్తానేమోనని భయం. డిటెక్టివ్ టూర్‌లో దానికేం పని?
– రైతుబిడ్డ, బెల్లంకొండ

జవాబు: పని ఉంది బాబూ, మీ కోపానికీ కారణం ఉంది. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలకు ఆద్యమని చెప్పే వాటిలో విల్కీ కాలిన్స్ 1868లో రాసిన 'ది మూన్‌స్టోన్' ఒకటి. 1799లో శ్రీరంగపట్నం దోపిడీలో ఇంగ్లీషు అధికారి కాజేసిన వజ్రం చుట్టూ ఆ కథ తిరుగుతుంది. ముందుమాటలో ఆయన పేర్కొన్న రెండు వజ్రాల్లో ఒకటి కోహినూర్. అది మీ కృష్ణ ఒడ్డు కొల్లూరు గనుల్లో దొరికిందని చాలామంది నమ్మకం. ఆ అద్దాల ముందు గొంతు పూడుకుపోవడం సహజం. వెళ్లే ముందు నవల చదవండి. కథలోని వజ్రాన్ని తీసుకొచ్చినవాణ్ని దొంగ అని ఒక ఇంగ్లీషు రచయితే ఆనాడే రాశాడని తెలుస్తుంది.

ప్రశ్న: నాకు వీసా, విమానం, ఇంత ఖర్చు ఈ జన్మకు కుదరదు. ఆ ఊళ్లు చూడకుండా ఆ పుస్తకాలు చదివితే సగమే చదివినట్టా?
– పోస్ట్‌మ్యాన్, శ్రీకాకుళం

జవాబు: పూర్తిగానే చదివినట్టు, ఆ దిగులు పెట్టుకోకండి. హెచ్.ఆర్.ఎఫ్. కీటింగ్ అనే ఇంగ్లీషు రచయిత బొంబాయి పోలీసు ఇన్‌స్పెక్టర్ ఘోటేను సృష్టించి 1964లో 'ది పర్‌ఫెక్ట్ మర్డర్' రాశారు, దానికి గోల్డ్ డాగర్ బహుమతీ వచ్చింది. ఆయన మన దేశంలో కాలుపెట్టింది ఆ తర్వాత పదేళ్లకు! చూడని బొంబాయిని ఆయన పుస్తకాలు, మ్యాపులు ముందు పెట్టుకుని రాయగలిగినప్పుడు, చూడని లండన్‌ను మీరు చదవలేరా? జిల్లా గ్రంథాలయంలో హోమ్స్ కథల పుస్తకం తీసుకోండి, ఫోన్‌లో లండన్ మ్యాప్ తెరవండి, కథలో బండి ఏ వీధి మలుపు తిరిగితే మీ వేలూ అక్కడ తిప్పండి. రోజూ వీధులు, ఇంటి నంబర్లు పట్టుకుని తిరిగే మీకు ఆ దారి మాకంటే త్వరగా దొరుకుతుంది.